ఐన్ అల్ జర్ర్ శిథిలాల పక్కన అనాథల బడి

లెబనాన్‌లోని బెకా లోయలో, బేరూత్ నుండి దమిష్క్‌కు పోయే దారికి సమీపాన అన్జర్ అనే గ్రామమున్నది. ఇస్లామీయ చరిత్ర చదివినవారికి ఈ పేరు కొత్త కాదు. ఉమవీ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ కాలం (హి. 86–96, క్రీ.శ. 705–715) నాటి నగర శిథిలాలు బయల్పడినది ఇక్కడే. 1984లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. పాత అరబ్బీ గ్రంథాలలో దీని పేరు ఐన్ అల్ జర్ర్. ‘ఐన్’ అంటే కన్ను, నీటి ఊట కూడా. అనువాదకుడు రెంటిలో ఒకదానిని వదులుకోక తప్పదు. మన పుస్తకాలు శిథిలాల వద్దనే ఆగిపోతాయి. పక్కనున్న ఊరిని అవి చూడవు.

ఆ ఊరు అర్మేనియన్లది. 1915లో ఉస్మానీ ప్రభుత్వపు దేశబహిష్కార ఉత్తర్వును ఎదిరించి మూసా దాగ్ కొండ ఎక్కిన గ్రామస్థులు సుమారు 4000 మందిని ఫ్రెంచి నౌకలు రక్షించి పోర్ట్ సయీద్‌కు చేర్చాయి. యుద్ధానంతరం వారు స్వగ్రామాలకు తిరిగివెళ్లారు. 1939లో ఆ ప్రాంతం తుర్కీలో కలియగా వారిలో అత్యధికులు మళ్లీ ఇల్లు విడిచి అన్జర్ చేరారు. తొలి సంవత్సరాలలో మలేరియా ఎందరినో పొట్టనబెట్టుకుంది. అక్కడ వారి మూడు క్రైస్తవ శాఖలూ వేర్వేరుగా చర్చీలు, బడులు నెలకొల్పుకున్నాయి. వాటిలో ఎవాంజెలికల్ శాఖ బడికి స్విట్జర్లాండ్ మిషనరీల తోడ్పాటుతో వసతిగృహం ఏర్పడింది. తల్లిదండ్రులు లేనివారు, ఉన్నా పోషించలేని ఇళ్లవారు అక్కడ ఉండి చదువుకున్నారు.

ఇది మతప్రచారం కాదా అని మనవారు కొందరు అడుగుతారు. ఆ బడి తన విశ్వాసాన్ని దాచుకోలేదు. అయితే ఆ పిల్లలు పుట్టుకతోనే క్రైస్తవులు. ఏ శాఖ అన్నది వారిలో వారి తగవు. నన్ను కలవరపెట్టే ప్రశ్న వేరు: ఏ పేరుతో లోపలికి వెళ్లిన బిడ్డ ఏ పేరుతో బయటికి వచ్చాడు?

అదే లెబనాన్‌లో, అంతూరాలోని ఫ్రెంచి పాదరీల కళాశాలను మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జమాల్ పాషా అనాథాశ్రమంగా మార్చాడు. దాదాపు 1000 మంది అర్మేనియన్ బాలబాలికలను అక్కడ చేర్చి, వారి పేర్లు మార్చి ముస్లిం పేర్లు పెట్టారు. మాతృభాష మాట్లాడితే శిక్షించారు. దత్తుబిడ్డలను వారి తండ్రుల పేరుతోనే పిలువమని సూరా అల్ అహ్‌జాబ్ (33:5) ఆదేశిస్తున్నది. పాషా ఉద్యోగులు దానిని చదివి ఉండరని ఎలా అనుకోగలం? దీనిని తుర్కీ జాతీయవాదం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం సులువే, కాని పెట్టినవి మన పేర్లే. అర్మేనియన్లను తమ ప్రాణాలవలె కాపాడమని 1917లో మక్కా షరీఫ్ హుసేన్ తన అమీర్లకు వ్రాసిన లేఖ కూడా ఆ కాలానిదే. దానిని తలచుకునేవారు అంతూరాను కూడా తలచుకోవాలి.

అంతూరా పిల్లలలో ఒకరైన కర్నీగ్ పన్యాన్ తరువాత బేరూత్‌లోని అర్మేనియన్ విద్యాలయంలో ఉపాధ్యాయుడైనాడు. ఆ రోజుల జ్ఞాపకాలను అర్మేనియన్ భాషలోనే, తన తండ్రి పెట్టిన పేరుతోనే వ్రాశాడు.