లినక్సు కెర్నలునందలి పరిత్యాగములు

ఓపెన్‌సోర్సు సాఫ్ట్‌వేరు చరిత్రను వ్రాయువారు చేరికలనే యెక్కువగా లెక్కించుచుందురు. ఏ యేట నే సౌకర్యము వచ్చెను, ఎవరు చేర్చిరి యను విషయములు విపులముగా లభించును. తొలగింపుల చరిత్ర యంతకంటె తక్కువ విలువ గలది కాదని మా యభిప్రాయము. వాడువారు కొలదిమందియే యైన భాగము నుంచవలెనా, తీసివేయవలెనా యను ప్రశ్నకు లినక్సు కెర్నలు నిర్వాహకు లిచ్చిన సమాధానములను కొన్నింటి నిచ్చట పరిశీలింతుము.

లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో విద్యార్థిగా నుండి 1991లో ఈ కెర్నలును ప్రకటించినపుడు అది ఇంటెల్ 386 ప్రాసెసరు కొరకే వ్రాయబడినది. ఇతర యంత్రములపై నది నడచునని యాత డప్పు డాశింపలేదు. అనగా 386 దీనికి పుట్టినిల్లు. ఆ 386నే 2012 డిసెంబరులో తొలగించిరి. ఇంగో మోల్నార్ పంపిన మార్పును టోర్వాల్డ్స్ అంగీకరించి, తనకు దానిపై మమకార మేమియు లేదనెను. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8వ కూర్పు మొదలుకొని కెర్నలు 386పై నడువదు.

కారణము వాడుకరుల సంఖ్యలో లేదు. 1985 నాటి 386లో లేని యొక యాదేశము 1989 నాటి 486లో వచ్చినది. స్మృతిలోని విలువను సరిపోల్చి, సరిపడినచో మార్చుటను అది యొకే క్రియగా ముగించును. పలు ప్రాసెసర్లు ఒకే స్మృతిని పంచుకొనునపుడు ఇది మూలాధారము. మరియు, వ్రాయరాదని గుర్తిడిన పుటలో కెర్నలే వ్రాయబోయినచో 386 అడ్డగింపదు. ఈ లోపములను కప్పిపుచ్చు కోడు ఒకచోట నుండక, అందరును వాడు సామాన్య భాగములలోనికి వ్యాపించెను. 386ను కన్నుల జూడనివారు సైతము తమ పనిలో దానిని తలచుకొనవలసి వచ్చెను.

ఫ్లాపీ డ్రైవరు సంగతి వేరు. 2019లో దాని సంరక్షకుడు పనిచేయు పరికరము తనయొద్ద లేనందున తప్పుకొనెను. టోర్వాల్డ్స్ దానిని ‘అనాథ’గా నమోదు చేసెనే కాని తీసివేయలేదు. నిజమైన ఫ్లాపీలు అరుదైనను, వర్చువల్ మెషీన్లలో వాని యనుకరణ వాడుకలోనే యున్నది. పిమ్మట వేరొకరు భారము వహించిరి. వాడుక యీ రెండింటికిని స్వల్పమే. కాని ఫ్లాపీ డ్రైవరు తన గదిలో తానుండును. 386 ఇల్లంతయు నాక్రమించినది. అరుదుతనము ప్రమాణము కాదనియు, ఇతరుల పనిపై బడు బరువే ప్రమాణ మనియు దీనివలన తేలుచున్నది.

ఇటానియము విషయమున మరియొక యంశము కానవచ్చును. 2001లో బజారునకు వచ్చిన యీ ప్రాసెసరు సరఫరాను ఇంటెల్ 2021లో ముగించెను. 2024 జనవరి నాటి 6.7వ కూర్పులో దీని కోడు తొలగినది. అభ్యంతరము చెప్పినవారితో టోర్వాల్డ్స్, ఒక సంవత్సరము బయట పోషించి చూపినచో మరల యోచింతునని పలికెను. పనిచేయువారి దృష్టిలో ఇది న్యాయమే. అయితే యంత్రమును వాడుట తప్ప కోడు వ్రాయనేరని వానికి ఈ సభలో మాట లేదు. ఈ కొరత చిన్నది కాదని మేము తలంతుము.

తొలగినది నశింపదుగదా యని యొక సమాధానము చెప్పుదురు. నిజమే. 386 గల 3.7వ కూర్పు నేటికిని లభించును. తాళపత్ర పరిష్కర్త నిరాకృత పాఠమును పుట యడుగున నుంచినట్లు, ప్రతి పంక్తియు చరిత్రలో భద్రము. కాని పాఠాంతరము చదువుటకు చాలును, యంత్రమును నడుపుటకు చాలదు. పోషణ నిలిచిన కూర్పునకు భద్రతాదోషముల సవరణలు రావు.

2025 ఏప్రిలులో 486ను గూడ తొలగింప ప్రతిపాదించినవాడు ఆ మోల్నారే. అందును హేతువు సరిపోల్చి మార్చు నాదేశమే: ఎనిమిది బైట్లపై నొకేసారి పనిచేయు దాని రూపము 486లో లేదు.