మల్లినాథుని ప్రతిజ్ఞ

రేడియో ప్రసంగమునకు పది నిమిషములు గడువనుకొందము. మాకు అందెడి వ్రాతప్రతులలో కొన్ని ‘ఈ విషయమును గూర్చి ముచ్చటించుటకు ముందు’ అని మొదలై, అసలు విషయము రాకమునుపే ఆరు నిమిషములు మ్రింగివేయును. తక్కిన నాలుగింటిలో వక్తగారు తాము చెప్పబోవునదేదో వివరింతురు. ఇట్టి కొండవీటి చాంతాళ్లను కత్తిరించునపుడెల్ల మాకు కోలాచల మల్లినాథసూరి జ్ఞప్తికి వచ్చును.

ఆయన 14, 15 శతాబ్దుల నాటివాడు. ఇంటిపేరు మెదక్ జిల్లా కొల్చారము నుండి వచ్చినదందురు. అప్పటికే కాళిదాసునకు వ్యాఖ్యాతలు పెక్కుమంది గలరు. దక్షిణావర్తనాథాదులు నడచిన బాటలో తనకును కొంత చోటు దొరకునని మల్లినాథుడు వినయముగా చెప్పుకొనెను. ఆ వినయము ప్రక్కనే చురకయు నున్నది: దుర్వ్యాఖ్యలనెడి విషముచే కాళిదాసు వాక్కు మూర్ఛిల్లినదట! కనుకనే తన వ్యాఖ్యకు ‘సంజీవని’ యని పేరిడెను.

ఆయన ప్రతిజ్ఞ చిన్నది. ఆధారము లేనిది వ్రాయడు, అక్కరలేనిది చెప్పడు. మొదటిది ఏ పండితునకైనను సాధ్యమే. రెండవది పండితునకే మిక్కిలి కష్టము. తర్కము, వేదాంతము, మహాభాష్యము మొదలుగా తాను మథించిన శాస్త్రములన్నిటిని మల్లినాథుడు పీఠికలో ఒక్క శ్లోకమున ఏకరువు పెట్టి, ఆ ముచ్చట అంతటితో తీర్చుకొనెను.

అట్లని ముక్తసరివాడు కాడు. సమాసమునకు విగ్రహము, పదమునకు నిఘంటువు, రూపమునకు సూత్రము అన్నియు నిచ్చును. అన్వయక్రమమును మాత్రము విడువడు. రఘువంశపు తొలి శ్లోకమున ‘పితరౌ’ అను మాటకు తల్లియు తండ్రియు నని చెప్పి, ఏకశేషమునకు పాణిని సూత్రమొకటి చూపి ముందునకు సాగెను. అచ్చటనే పార్వతీపరమేశ్వరులను ‘పార్వతీప’, ‘రమేశ్వర’ అని విరిచి, శివకేశవుల నిరువురను రప్పించి సభను మెప్పించిన పండితులు గలరు. వినుటకు సొంపే. కాని కాళిదాసు నమస్కరించినది జగత్తునకు తల్లిదండ్రులైన వారికి. ఈ విరుపులో తల్లి యేమైనట్లు?

ప్రసంగములు వ్రాయు మిత్రులు తమ మొదటి పేరాను కొట్టివేసి, ఇంటిలో ఎవరికైనను చదివి వినిపించి చూతురు గాక. ‘ఏదో తప్పిపోయినదే’ యని వారడిగినచో దానిని మరల చేర్చుకొనవచ్చును. ఇంతవరకు మాకు తెలిసి ఎవరును అడుగలేదు.

కిరాతార్జునీయమునకు ‘ఘంటాపథ’ మను వ్యాఖ్య రచించునపుడు మల్లినాథుడు భారవి పలుకును కొబ్బరికాయతో పోల్చెను. దానిని తాను చప్పున పగులగొట్టి యిచ్చుననియు, లోపలి సారమును రసికులు తమ యిచ్చ వచ్చినట్లు ఆస్వాదింతురు గాక యనియు చెప్పెను. నమలుట మాత్రము చదువరికే వదలెను.