సూరతు కాఫీశాల: ఒక వ్యంగ్య వివేచన

సూరతు మొగలుల రేవుపట్టణము. 1613లో ఆంగ్లేయుల వర్తకశాల అచట నెలకొన్నది. నానాజాతులు కలసి వ్యాపారము సాగించిన ఆ నగరమునే ఫ్రెంచి రచయిత బెర్నార్దిన్ ద సేంపియేర్ తన కథకు రంగముగా గ్రహించెను. టాల్‌స్టాయి దానిని రష్యను భాషలోనికి తేగా 1893లో ప్రకటితమైనది.

కాఫీశాలకు వచ్చిన పారసీక పండితుడు, దైవమును గూర్చి చదివి చదివి, తన బుద్ధి చెడినదని గ్రహింపక, లోకమును నడపు బుద్ధియే లేదనుకొన్నవాడు. అతని బానిస మొలనుండి కొయ్యబొమ్మను తీసి ఇదే దైవమనును. బ్రాహ్మణుడు వానిని గర్హించును. బ్రాహ్మణుని యూదుడు, యూదుని క్రైస్తవుడు ఖండింతురు. దైవము మాకే చెందినదని ఒక్కొక్కరి వాదము. సరకును పంచుకొన్న ఊరిలో దైవమును పంచుకొనలేకపోయిరి.

దీనిని నాస్తికుని పరిహాసముగా చదువుట పొరపాటు. సూర్యుడు తమ దేశమునకే వెలుగిచ్చునని భ్రమించినవారి కథను తుదకు చీనా దేశీయుడు చెప్పును. అందు సూర్యునికి లోపము లేదు. లోపము చూపులోని గర్వమునదే. బానిసను చూచి నవ్విన పాఠకుడును ఆ వాదులలో ఒకడగును.