జూబిలీపై లిస్ హార్టెల్

రౌతు మెత్తనైనచో గుఱ్ఱము మూడు కాళ్ళపై నడుచునని మన సామెత. 1944లో డెన్మార్కు దేశపు రౌతు లిస్ హార్టెల్‌కు పోలియో సోకెను. అప్పుడామె 23 ఏండ్ల గర్భవతి. మోకాళ్ళ దిగువ భాగము మరల స్వాధీనము కాలేదు. రౌతు గుఱ్ఱముతో చెప్పు మాటలో పెద్ద పాలు పిక్కలతోను మడమలతోను చెప్పునదే గదా! ఆ దారి మూతపడగా, నడుము బిగింపుతోను, దేహభారమును అటునిటు మార్చుటతోను జూబిలీ అను ఆడుగుఱ్ఱమునకు ఆజ్ఞలు తెలుపుట ఆమె అభ్యసించెను. జీనుపైకి మాత్రము ఎవరో ఒకరు ఎక్కింపవలసినదే.

గుఱ్ఱపు నడకల సొంపును పరీక్షించు డ్రెసాజ్ పోటీ 1952లో, హెల్సింకి ఒలింపిక్సునందు, మొదటిసారి స్త్రీలకు ప్రవేశమిచ్చినది. పురుషులతో పోటీపడి హార్టెల్ రజతపతకము గెలిచెను. స్వర్ణవిజేత, స్వీడన్ దేశీయుడు హెన్రీ సెయింట్ సీర్ ఆమెకు ఊతమిచ్చి వేదిక నెక్కించెను. లోకము ఆ దృశ్యమునే తలచుకొనును; నాకు మాత్రము దానికి ముందు ధైర్యము కూడబెట్టుకొన్న ఎనిమిదేండ్లే పెద్దవిగా తోచును. 1956లో, స్టాక్‌హోమ్‌లో, మరల అదే గుఱ్ఱము, అదే రజతము.