డీప్ క్లీనింగ్ (దంతవైద్యం)

డీప్ క్లీనింగ్ అనగా చిగుళ్ళ వ్యాధి ముదిరినపుడు చిగురు అంచుకు దిగువన, దంతమూలాల మీద పేరుకొనిన పాచిని, గారను తొలగించే చికిత్స. దంతవైద్య పరిభాషలో దీనిని స్కేలింగ్ మరియు రూట్ ప్లేనింగ్ అని వ్యవహరిస్తారు. ఇది శస్త్రచికిత్స కాదు. అయినప్పటికీ మామూలుగా పళ్ళు శుభ్రం చేయించుకొనడానికీ దీనికీ ఖర్చులో చాలా వ్యత్యాసం ఉంటుంది. ఒకే వ్యక్తికి ఒక దంతవైద్యుడు మామూలు శుభ్రత చాలునని, మరొకరు డీప్ క్లీనింగ్ అవసరమని చెప్పడం కూడా అరుదు కాదు. కనుక ఈ వ్యత్యాసం దేనిని బట్టి వస్తుందో రోగి తెలుసుకొనడం మంచిది. ఖర్చుకు ఆధారం ప్రధానంగా ఒక కొలత. అది మిల్లీమీటర్లలో ఉంటుంది.

వ్యాధి స్వరూపం

పంటికీ చిగురుకూ మధ్య ఒక సన్నని గాడి ఉంటుంది. పళ్ళమీద ప్రతిదినం ఏర్పడే మెత్తని పాచిలో సూక్ష్మజీవులు ఉంటాయి. దీనిని తోముకొనకపోతే లాలాజలంలోని ఖనిజ లవణాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది. గార బ్రష్షుకు ఊడిరాదు. మొదటి దశలో చిగుళ్ళు ఎర్రబడి, వాచి, తోముకొనేటప్పుడు రక్తం కారుతుంది. ఈ దశను చిగుళ్ళ వాపు అంటారు. సరియైన శుభ్రతతో ఇది పూర్తిగా నయమవుతుంది.

వాపు అలాగే కొనసాగినచో కొందరిలో చిగురు పంటినుండి విడివడి గాడి లోతవుతుంది. దీనిని పాకెట్ అంటారు. పంటిని పట్టి ఉంచే దవడ ఎముక క్రమంగా కరుగుతుంది. తెలుగునాట పాతతరం వారు పయోరియా అని పిలిచేది ఈ దశనే. కరిగిన ఎముక మామూలుగా తిరిగి పెరగదు. నొప్పి అంతగా ఉండకపోవడం ఈ వ్యాధిలోని పెద్ద చిక్కు. పళ్ళు కదలడం మొదలైన తరువాతనే చాలామంది వైద్యుని వద్దకు వెళ్తారు. పొగత్రాగేవారిలో చిగుళ్ళనుండి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి వ్యాధి మరింతకాలం బయటపడదు. మధుమేహం అదుపులో లేనివారిలో వ్యాధి తీవ్రత ఎక్కువ.

కొలత

దంతవైద్యుడు గీతలు గల సన్నని కొలపుల్లను (ప్రోబ్) చిగురు గాడిలోనికి దించి లోతు చూస్తాడు. ఒక్కొక్క పంటికి ఆరు చోట్ల కొలుస్తారు. 1 నుండి 3 మిల్లీమీటర్ల లోతు సాధారణం. 4 మిల్లీమీటర్లు, అంతకు మించిన లోతు, కొలిచినపుడు రక్తస్రావం, ఎక్స్-రేలో ఎముక తగ్గుదల కలిసి కనిపించినచో డీప్ క్లీనింగ్ అవసరం కావచ్చును. లోతు ఒక్కటే చాలదు. ఎముక తగ్గకుండా కేవలం వాపువలన చిగురు ఉబ్బినపుడు కూడా కొలత 4 మిల్లీమీటర్లు చూపవచ్చును. అటువంటి రోగికి మామూలు శుభ్రతే సరిపోతుంది.

ఈ కొలతలను పట్టికగా వ్రాస్తారు. ఖర్చు ఎంత అని అడిగే ముందు ఈ పట్టిక చూపమని అడగడం ఉత్తమం. కొలపుల్ల వాడకుండా, ఎక్స్-రే తీయకుండా, పళ్ళవైపు ఒకసారి చూసి నాలుగు భాగాలకూ డీప్ క్లీనింగ్ కావాలని చెప్పినచో మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొనడం మేలు.

చికిత్స విధానం

మత్తు సూది ఇచ్చి, చిగురు కిందికి చేరగల క్యూరెట్ అనే చేతి పరికరాలతోనూ, అల్ట్రాసోనిక్ స్కేలరుతోనూ దంతమూలాన్ని శుభ్రపరుస్తారు. నోటిని పై కుడి, పై ఎడమ, కింది కుడి, కింది ఎడమ అని నాలుగు భాగాలుగా లెక్కిస్తారు. ఒక్కొక్క భాగాన్ని క్వాడ్రంట్ అంటారు. మామూలుగా ఒక పూట రెండు భాగాల చొప్పున చేస్తారు. నాలుగు భాగాలను 24 గంటలలో పూర్తిచేసే పద్ధతిని 1995లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు. తరువాతి పరిశీలనలలో రెండు పద్ధతుల ఫలితాలకూ పెద్ద తేడా కనిపించలేదు. కనుక ఎన్ని పూటలలో చేయించుకోవాలన్నది చాలావరకు వీలును బట్టి నిర్ణయించుకోవచ్చును.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2015లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం ఈ చికిత్సవలన పంటిని అంటిపెట్టుకొని ఉండే కణజాలంలో సగటున సుమారు అర మిల్లీమీటరు మెరుగుదల ఉంటుంది. ఇది చిన్న సంఖ్యగా కనిపించినా వ్యాధి ముందుకు సాగకుండా ఆపడంలోనే దీని విలువ ఉంది. పాకెట్లలో ఉంచే యాంటీబయాటిక్ మందులకు పంటికింత అని వేరే రుసుము వేస్తారు. వీటివలన అదనంగా కలిగే మేలు స్వల్పం. లేజరు పేరుతో వసూలు చేసే అదనపు రుసుము విషయంలో రోగి తప్పక ప్రశ్నించాలి. మందుపూత లేకుండా లేజరు ఒక్కదానినే జోడించి వాడడాన్ని పై మార్గదర్శకాలు ప్రోత్సహించలేదు.

అమెరికాలో ఖర్చు

డీప్ క్లీనింగ్ అనే వాడుకమాట అమెరికా దంతవైద్యశాలలలో బాగా వినిపిస్తుంది. అక్కడ ప్రతి దంతచికిత్సకూ ఒక సంకేతసంఖ్య ఉంటుంది. బిల్లు చదవడానికి ఈ సంఖ్యలు తెలిసి ఉండాలి. పెద్దవారికి మామూలు శుభ్రత డి1110. ఒక భాగంలో నాలుగు లేక అంతకంటే ఎక్కువ పళ్ళకు డీప్ క్లీనింగ్ చేస్తే డి4341, ఒకటి నుండి మూడు పళ్ళకు మాత్రమే చేస్తే డి4342. రెండవదాని రుసుము తక్కువ. ఒక భాగంలో రెండు పళ్ళకే లోతైన పాకెట్లు ఉండగా బిల్లులో డి4341 కనిపించినచో అడగవలసిందే. ఎముక తగ్గకుండా వాపు మాత్రం ఎక్కువగా ఉన్నవారి కొరకు 2017లో డి4346 అనే సంఖ్యను చేర్చారు. అంతకుముందు ఈ రోగులకు సరిపోయే సంఖ్య లేకపోవడంతో వారిని మామూలు శుభ్రతలోనో డీప్ క్లీనింగులోనో చేర్చవలసి వచ్చేది.

రుసుము భాగానికింత అని ఉంటుంది కాబట్టి నోరంతటికీ చేయిస్తే నాలుగు రెట్లవుతుంది. ఊరినిబట్టి, వైద్యుని బట్టి మారినా, ఒక భాగానికి రెండు మూడు వందల డాలర్లు అడగడం సాధారణం. పరీక్ష, ఎక్స్-రేలు వేరు.

దంత బీమా గలవారికి లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకు ఒక భాగానికి 250 డాలర్ల చొప్పున మొత్తం 1,000 డాలర్లు అనుకుందాం. బీమాలో రోగి ముందుగా భరించవలసినది 50 డాలర్లు, సంవత్సరానికి గరిష్ఠ పరిమితి 1,500 డాలర్లు అనుకుందాం. డీప్ క్లీనింగును ప్రాథమిక చికిత్సగా లెక్కించి 80 శాతం ఇచ్చే బీమా అయితే మిగిలిన 950లో 760 డాలర్లు సంస్థ ఇస్తుంది, రోగికి 240 పడుతుంది. దానినే పెద్ద చికిత్సగా లెక్కించి 50 శాతం ఇచ్చే బీమా అయితే రోగికి 525 డాలర్లు పడుతుంది. మొదటి బీమాలో ఆ సంవత్సరం మిగిలిన చికిత్సలన్నింటికీ 740 డాలర్లే మిగులుతాయి. అనగా అదే సంవత్సరం ఒక పంటికి రూట్ కెనాల్ చేసి తొడుగు వేయించవలసి వస్తే ఖర్చు చాలావరకు చేతినుండే పెట్టుకోవాలి. అత్యవసరం కానిచో రెండు చికిత్సలనూ రెండు సంవత్సరాలకు పంచుకొనేవారున్నారు.

చాలా బీమా సంస్థలు కొలతల పట్టికనూ ఎక్స్-రేలనూ చూసిన తరువాతనే చెల్లిస్తాయి. అదే భాగానికి రెండు మూడేళ్ళ వరకు మరల చెల్లించనివి కూడా ఉన్నాయి. చికిత్సకు ముందే అంచనా పంపమని కోరితే సంస్థ ఎంత ఇవ్వగలదో వ్రాతపూర్వకంగా తెలుపుతుంది. బీమా లేనివారికి దంతవైద్య కళాశాలలు మేలు. విద్యార్థులు ఆచార్యుల పర్యవేక్షణలో చేస్తారు కనుక సమయం ఎక్కువ పడుతుంది, రుసుము తగ్గుతుంది. పిల్లల వద్దకు వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు కొనుక్కొనే సందర్శకుల బీమా సాధారణంగా ఈ చికిత్సకు వర్తించదు. అందువలన ప్రయాణానికి ముందే స్వదేశంలో చిగుళ్ళు చూపించుకొనడం లాభకరం.

ఇంగ్లాండులో ఖర్చు

ఇంగ్లాండులో జాతీయ ఆరోగ్య సేవ కింద 2006 ఏప్రిల్ నుండి దంతచికిత్సలను మూడు శ్రేణులుగా విభజించారు. డీప్ క్లీనింగ్ రెండవ శ్రేణిలోనికి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఈ శ్రేణికి 75.30 పౌండ్ల రుసుము నిర్ణయించారు. ఎన్ని భాగాలకు చేసినా, ఎన్ని పూటలు పట్టినా అది ఒకే చికిత్సాక్రమమైతే ఒకే రుసుము. అయితే ఈ సేవ కింద కొత్త రోగులను చేర్చుకొనే వైద్యుడు దొరకడమే కష్టంగా ఉంది.

భారతదేశంలో ఖర్చు

భారతదేశంలో సంకేతసంఖ్యల పద్ధతి లేదు. ఎక్కువమంది చేతినుండి చెల్లిస్తారు. ఆసుపత్రిలో చేరితేనే వర్తించే ఆరోగ్య బీమాలు ఈ చికిత్సకు సాధారణంగా ఉపయోగపడవు. ప్రైవేటు వైద్యశాలలలో కొందరు నోరంతటికీ కలిపి, కొందరు భాగానికింత అని, మరికొందరు పంటికింత అని చెబుతారు. కనుక రెండుచోట్ల ధరలు పోల్చేటప్పుడు లెక్క దేనిమీదనో ముందు అడగాలి. తక్కువ ధర చెప్పినచోట చిగురు పైభాగపు గార మాత్రమే తీసే అవకాశం కూడా ఉంది. హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో చాలా తక్కువ ఖర్చుతో ఈ చికిత్స లభిస్తుంది. ఇందుకు చిగుళ్ళ వ్యాధుల విభాగానికి వెళ్ళాలి.

చికిత్స తరువాత

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయనే నమ్మకం తెలుగువారిలో బలంగా ఉంది. కొందరు చికిత్సకు వెనుకాడడానికి ఇది ఒక కారణం. నిజానికి ఎముక అంతకుముందే కరిగిపోయి ఉంటుంది. గార పళ్ళను కలిపి సిమెంటు వలె పట్టి ఉంచుతుంది. అది తొలగినపుడు పళ్ళమధ్య సందులూ, పంటి కదలికా బయటపడతాయి. వాపు తగ్గి చిగురు కిందికి కుదించుకొనడంతో పళ్ళు పొడవుగా కనిపిస్తాయి. కొన్ని వారాలపాటు చల్లని పదార్థాలకు పళ్ళు జివ్వుమంటాయి.

నాలుగు నుండి ఎనిమిది వారాల తరువాత మరల కొలతలు తీస్తారు. అప్పటికీ లోతుగా ఉన్న పాకెట్లకు చిగుళ్ళ శస్త్రచికిత్స అవసరం కావచ్చును. మిగిలినవారు మొదట్లో మూడు నెలలకు ఒకసారి శుభ్రం చేయించుకోవలసి ఉంటుంది. అమెరికాలో దీని సంకేతం డి4910. మామూలు శుభ్రతను ఉచితంగా ఇచ్చే బీమాలు సైతం దీనికి కొంత రుసుము వసూలు చేయవచ్చును. అంచనా వేసుకొనేటప్పుడు చాలామంది మరచేది ఈ ఖర్చునే. సంవత్సరానికి నాలుగుసార్ల చొప్పున లెక్కిస్తే కొన్నేళ్ళలో ఇది మొదటి చికిత్స ఖర్చును దాటుతుంది. తోముకొనడంతో పాటు పళ్ళ సందులను ప్రతిదినం శుభ్రపరచుకొని, పొగత్రాగడం మానినవారిలో కొలతలు నిలకడగా ఉన్నచో వైద్యుడు ఈ వ్యవధిని ఆరు నెలలకు పెంచవచ్చును.