ఉప్పునీటి అక్వేరియం స్టాండు

సముద్రపు చేపలను, పగడాలను ఇంట్లో పెంచే గాజు తొట్టిని మోసే నిర్మాణమే ఉప్పునీటి అక్వేరియం స్టాండు. తొట్టి బరువును నేలకు దించడం దీని మొదటి పని. పంపులకు, ఫిల్టరు సామగ్రికి కింద చోటివ్వడం, ఏళ్ల తరబడి ఉప్పుతడిని తట్టుకుని నిలవడం కూడా దీని బాధ్యతలే. చిన్న మంచినీటి తొట్టికి ఇంట్లో ఉన్న గట్టి బల్ల సరిపోవచ్చు కానీ సముద్రపు నీటి తొట్టికి సాధారణంగా ప్రత్యేకమైన స్టాండు కావాలి. అమెరికా పత్రిక ‘ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియం’లో 1986లో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలతో, ప్రధాన తొట్టి కింద ఫిల్టరు అమర్చే పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. అప్పటినుంచి స్టాండు వట్టి పీటలా కాక, తలుపులున్న చిన్న యంత్రాల గదిలా మారుతూ వచ్చింది.

స్టాండు రూపకల్పన బరువు లెక్కతో మొదలవుతుంది. సముద్రపు నీరు లీటరుకు సుమారు 1.025 కిలోలు తూగుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న తొట్టిలో అంచుదాకా పోస్తే 432 లీటర్లు పడతాయి. అంటే నీరే 443 కిలోలు. 12 మిల్లీమీటర్ల గాజుతో చేస్తే ఖాళీ తొట్టి బరువు 85 కిలోలు దాటుతుంది. రాళ్లు, ఇసుక తమ పరిమాణం మేరకు నీటిని తొలగించినా, నీటికంటే బరువైనవి కాబట్టి మొత్తాన్ని ఇంకాస్త పెంచుతాయి. ఫిల్టరు సామగ్రి ఉండే కింది తొట్టినీ (దీన్ని సంప్ అంటారు), స్టాండునీ కలుపుకుంటే లెక్క 650 నుంచి 700 కిలోల దగ్గర తేలుతుంది.

ఇంత బరువు 0.72 చదరపు మీటర్ల చోటులో పడుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల నేలను చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల అదనపు భారానికి రూపొందిస్తారు. తొట్టి కింద పడే భారం దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. అలాగని శ్లాబు వెంటనే కూలిపోదు. ఆ 200 కిలోలు గదంతా పరుచుకునే భారానికి చెప్పిన అంకె, ఒక్కచోట పడిన బరువును శ్లాబు చుట్టుపక్కలకు పంచుకుంటుంది. అయినా తొట్టిని గది మధ్యలో కాకుండా, కింద దూలం ఉన్న గోడ వెంబడి, వీలైతే స్తంభం దగ్గరి మూలలో పెట్టడం మేలు. అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఇంతకంటే పెద్ద తొట్టి పెట్టాలనుకుంటే ముందుగా స్ట్రక్చరల్ ఇంజినీరును అడగడం తప్పనిసరి. స్టాండు కాళ్లు వచ్చే చోట టైల్సును కూడా వేలి కణుపుతో తట్టి చూడాలి. బోలు శబ్దం వస్తే ఆ టైలు కింద సిమెంటు పూర్తిగా పట్టలేదని అర్థం. సన్నని కాలు దాని మీద నిలిస్తే టైలు పగులుతుంది.

బరువు మోయడం స్టాండుకు నిజానికి పెద్ద కష్టం కాదు. 700 కిలోలు నాలుగు కాళ్ల మీద సమంగా పడితే ఒక్కో కాలికి 175 కిలోలే. నిటారుగా నిలిపిన మంచి చెక్క అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. చిక్కంతా పై పట్టీ వంగడంతోనూ, చట్రం పక్కకు ఒరగడంతోనూ వస్తుంది. ముందువైపు పట్టీ కింద మధ్యకాలు ఉంటే సంప్‌ను పెట్టడానికీ తీయడానికీ అడ్డం. అందుకే చాలామంది ఆ కాలు మానేసి మొత్తం పొడవును ఒకే పట్టీతో దాటిస్తారు. మీటరుకు పడే భారం మారకుండా ఆనుల మధ్య దూరం రెట్టింపయితే వంపు 16 రెట్లు పెరుగుతుంది. పట్టీ ఎత్తును రెట్టింపు చేస్తే మాత్రం వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి పట్టీని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి బిగించాలి.

బరువు చెక్క మీద నుంచి చెక్క మీదకు దిగాలన్నది చెక్క స్టాండుకు మూలసూత్రం. పై చట్రం నేరుగా కాళ్ల తలల మీద కూర్చోవాలి, కాళ్లు నేల మీదో, కింది చట్రం మీదో ఆనాలి. స్క్రూలు, జిగురు ఉన్నది ముక్కలను కలిపి ఉంచడానికే. పట్టీని కాలి పక్కన ఆనించి స్క్రూలతో వేలాడదీస్తే తొట్టి బరువంతా ఆ నాలుగు స్క్రూల మీదే పడుతుంది. అమెరికాలో ఇళ్లలో కట్టుకునే స్టాండులకు ఇళ్ల గోడల చట్రాల్లో వాడే టూ-బై-ఫోర్ పైన్ చెక్కే ఎక్కువగా వాడతారు. మన దగ్గర వడ్రంగి చేతికి తేలిగ్గా అందేవి 18, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, టేకు, ఇనుప చదరపు పైపు. ప్లైవుడ్‌లో ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే ఎంచుకోవాలి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అంచుకు తడి తగిలితే ఉబ్బి, బలం కోల్పోతాయి. వాటిని బరువు మోసే భాగాల్లో వాడకూడదు.

ఒరుగుడును ఆపడానికి వెనకా, రెండు పక్కలా ప్లైవుడ్ పలకను జిగురు పెట్టి స్క్రూలతో బిగించడం అన్నిటికంటే తేలికైన మార్గం. పైపుల కోసం వెనక పలకను పూర్తిగా తీసేస్తే చట్రం తోసినవైపు ఒరుగుతుంది. అందుకని పలకను ఉంచి, అందులో కావలసినన్ని రంధ్రాలు చేసుకోవాలి. బిగించే ముందు చట్రం కర్ణాలు రెండూ టేపుతో కొలవాలి. అవి సమానమైతేనే మూలలు లంబంగా ఉన్నట్టు.

ఇనుప స్టాండుకు 50 మిల్లీమీటర్ల చదరపు పైపును వెల్డింగ్ చేయడం వాడుక. బలానికి లోటుండదు, సంప్‌కు చోటు బాగా కలిసివస్తుంది. దాని శత్రువు తుప్పు. వెల్డింగ్ అతుకులను గ్రైండరుతో శుభ్రం చేసి, ప్రైమరు మీద ఎపాక్సీ పెయింటు వేయాలి. పైపు కొసలు మూసేయాలి, లేకపోతే ఉప్పునీరు లోపలికి చేరి కనిపించకుండా తింటుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకానికి ఉప్పు తగిలితే గోధుమరంగు మచ్చలు, చిన్న గుంటలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 ఖరీదెక్కువైనా చాలా మెరుగ్గా తట్టుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరపట్టణాల్లో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి అక్కడ ఈ జాగ్రత్తలు రెట్టింపు అవసరం.

ఉప్పు స్టాండులోకి వచ్చే దారిని దగ్గరగా చూస్తే ఈ జాగ్రత్తలకు కారణం తెలుస్తుంది. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు దానితో పోదు. పైపు అతుకు దగ్గర చెమ్మ ఊరితే చాలు, ఆరినచోట తెల్లటి పొర ఏర్పడుతుంది. ఆ పొర తడిని పీల్చుకుని అంచులనుంచి పాకుతూ చెక్క సందుల్లోకీ, తలుపు కీళ్లలోకీ చేరుతుంది. నీటిలోని మలినాలను నురుగుగా వేరుచేసే ప్రొటీన్ స్కిమ్మరులో పగిలే బుడగలు కూడా సన్నని తుంపరలు చిమ్ముతాయి. లోపలి గోడలకు ఎపాక్సీ పూత వేయాలి, మూలల సందులను సిలికాన్‌తో మూయాలి. ప్లైవుడ్ కోసిన అంచులకూ, కొత్తగా చేసిన ప్రతి రంధ్రం లోపలి గోడకూ పూత పట్టించాలి, ప్లైవుడ్ నీటిని ఎక్కువగా తాగేది అక్కడే. బయట సన్మైకా అంటించినంత మాత్రాన ఈ పని తప్పదు. స్టాండు అడుగున పట్టీ కట్టి లోతులేని పళ్లెంలా చేస్తే చిన్న కారుడు గదిలోకి పారదు.

లోపలి కొలతలను సంప్ నిర్ణయిస్తుంది. తొట్టి ఎక్కించాక కూడా సంప్‌ను బయటకు తీయగలిగేలా తలుపు దారి ఉండాలి. స్కిమ్మరు పైగిన్నెను ఎత్తి తీయడానికి ఖాళీ కావాలి. స్టాండు ఎత్తు సాధారణంగా 75 నుంచి 90 సెంటీమీటర్లు ఉండటానికి ఇదొక కారణం. కరెంటు పోయి పంపు ఆగితే పై తొట్టి నీరు కొంత కిందికి దిగుతుంది. పైన చెప్పిన తొట్టిలో మట్టం 3 సెంటీమీటర్లు తగ్గితే 21 లీటర్లకు పైగా సంప్‌లోకి వస్తాయి. అంత ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. స్విచ్‌బోర్డును సంప్ మీదుగా కాకుండా పక్క అరలోనో, బయటో బిగించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారా కరెంటు ఇవ్వాలి. తీగలు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంటే, వాటి వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి చేరక కిందే రాలుతుంది. తెలుగునాట వేసవిలో పగడాల తొట్టికి నీటిని చల్లబరిచే చిల్లరు చాలా ఇళ్లలో తప్పదు. దాన్ని మూసిన స్టాండులో పెడితే తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. చిల్లరును బయట పెట్టడం, స్టాండుకు గాలి రంధ్రాలూ చిన్న ఫ్యానూ అమర్చడం మంచిది.

తొట్టి ఆనే పైతలం చదునుగా ఉండాలి. గాజు ఒక చిన్న ఎత్తుమీద ఆనితే ఒత్తిడంతా అక్కడే పోగై పగులు పుడుతుంది. అడుగు గాజు నేరుగా ఆనే తొట్టికి ప్లైవుడ్ మీద 10 మిల్లీమీటర్ల థర్మకోల్ లేదా ఫోమ్ షీటు పరుస్తారు. అది సన్న లోపాలను సర్దుతుంది కానీ వంగిన పట్టీని సరిచేయలేదు. చుట్టూ ప్లాస్టిక్ చట్రం ఉండి, ఆ చట్రం మీదే నిలిచేలా చేసిన తొట్టికి ఫోమ్ వేయకూడదు. రసమట్టం పెట్టి నాలుగువైపులా చూడాలి. తేడా ఉంటే స్టాండు కాళ్ల కింద సన్న ప్లాస్టిక్ చీలికలు పెట్టాలి, తొట్టి కింద ఎన్నడూ పెట్టరాదు. తర్వాత ఉప్పు కలపని నీటితో తొట్టిని మూడో వంతు చొప్పున నింపుతూ, ప్రతిసారీ మట్టాన్నీ, తలుపుల సందులనూ చూసుకోవాలి. తలుపు పట్టేసిందంటే చట్రం కదిలినట్టే. ఆ నీటితో ఒకటి రెండు రోజులు ఉంచి, కారుడూ వంపూ లేవని తేలాకే రాళ్లూ ఉప్పునీరూ చేరుస్తారు.