తప్పని తేలే వీలున్న మాట

"త్వరలో మీకు మంచి జరుగుతుంది" అంటాడు జాతకం చెప్పేవాడు. ఎప్పటిలోగా? ఏది జరక్కపోతే తను చెప్పింది తప్పైనట్టు? అది మాత్రం చెప్పడు. అందుకే అతని మాట ఎప్పటికీ తప్పు కాదు! కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇలాంటి మాటల్ని ఎలా వదిలించుకున్నారో తెలుసుకుంటే మనకూ పనికొస్తుందని నా ఉద్దేశం.

1949లో కేంబ్రిడ్జిలో జరిగిన ఒక సమావేశంలో అలన్ ట్యూరింగ్ చిన్న పత్రం సమర్పించాడు. ఒకరు రాసిన పెద్ద ప్రోగ్రామును మరొకరు సరిచూడడం ఎలా అన్నది ప్రశ్న. ఆయన పెద్ద కూడిక లెక్కను ఉదాహరణగా తీసుకున్నాడు. చివరి మొత్తం ఒక్కటే ఇస్తే సరిచూసేవాడు లెక్కంతా మళ్ళీ చెయ్యాలి. ఒక్కో నిలువు వరుస మొత్తం విడిగా రాసి ఉంచితే వరుసల్ని దేనికది సరిచూడొచ్చు. అలాగే ప్రోగ్రాములో కూడా "ఇక్కడికొచ్చేసరికి ఇది ఇలా ఉండాలి" అని విడివిడిగా సరిచూడదగ్గ ఖచ్చితమైన ప్రకటనలు రాయమన్నాడు. వాటినే అసర్షన్లు అంటాం. 1967లో ఫ్లాయిడ్, 1969లో హోర్ ఈ ఆలోచనకు గణిత రూపం ఇచ్చారు.

దీన్ని రోజువారీ పనిలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు కెంట్ బెక్. 1997లో ఆయనా, ఎరిక్ గామా కలిసి విమాన ప్రయాణంలో జావా కోసం జేయూనిట్ మొదలుపెట్టారు. బెక్ ప్రచారం చేసిన పద్ధతిలో ముందు పరీక్ష రాయాలి, అది ఫెయిలవడం కళ్ళారా చూడాలి, ఆ తర్వాతే ప్రోగ్రాము రాయాలి. ఫెయిలవడం ఎందుకు చూడాలంటారా? ఎప్పుడూ ఫెయిలవని పరీక్షకు అసలు ఫెయిలయ్యే శక్తి ఉందో లేదో తెలియదు కాబట్టి. కార్ల్ పాపర్ 1934లో విజ్ఞానశాస్త్రానికి పెట్టిన షరతుకు ఇది దగ్గరి చుట్టం.

అయితే ఫెయిలైతే చాలదు, ఎందుకు ఫెయిలైందో చెప్పాలి. జేయూనిట్‌లో "అసర్ట్ ట్రూ" ఫెయిలైతే, మనం వివరణ జోడించకపోతే, నిజం కాలేదని తప్ప ఏమీ తెలియదు. "అసర్ట్ ఈక్వల్స్" నయం: 900 రావాలి, 1000 వచ్చింది అంటుంది. కానీ రావలసిన విలువ ముందు, వచ్చినది తర్వాత రాయాలి. తారుమారైతే పరీక్ష ఫెయిలవుతుంది గానీ సందేశం అబద్ధం చెబుతుంది. 2007లో వచ్చిన జేయూనిట్ 4.4లో, జో వాల్నెస్ ఆలోచన ఆధారంగా, "అసర్ట్ దట్" చేరింది. దాంతో పరీక్ష "బిల్లు 900 అయి ఉండాలి" అన్నట్టు వాక్యంలా చదవడానికి వీలైంది.

ఇది సోకు కోసం కాదు. వెయ్యి రూపాయల కొనుగోలుపై పదిశాతం తగ్గింపు అనుకోండి. "సరిగ్గా వెయ్యికి కొంటే బిల్లు 900" అని రాసి ఉంటే, ప్రోగ్రామింగ్ ఒక్క ముక్క రాని కొట్టు యజమాని కూడా "కాదు, వెయ్యి దాటితేనే తగ్గింపు" అని అభ్యంతరం చెప్పగలడు. చదవడానికి బాగున్నంత మాత్రాన ఆ 900 నిజమైపోదు. తప్పైతే దాన్ని పట్టుకునే హక్కు నలుగురికీ దక్కుతుంది, అంతే. నా దృష్టిలో అదే అసలు లాభం.

ఇతరుల ప్రోగ్రాములు చూసేటప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: ఇది తప్పైతే మనకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్న ప్రోగ్రామర్లకే పరిమితం కానక్కర్లేదు. ఈసారి ఎవరైనా మీకు గట్టిగా ఏదైనా చెప్పినప్పుడు అడిగి చూడండి.